మెల్లోట్రాన్ ట్రాకులకు 1960ల స్టూడియో నాదం: ఏడీటీ, ఫ్లాంజింగ్, లెస్లీ, ప్లేట్

ప్రశ్న సారాంశం ఇది. ఎం400 మెల్లోట్రాన్ (మెట్టు నొక్కితే టేపు మీద ముందే రికార్డు చేసిన వాద్యం పలికే కీబోర్డు) మీద వాయించిన ఫ్లూటు, మూడు వయొలిన్లు, ఎనిమిది గొంతుల కోయిర్ ట్రాకులు ఏ ఎఫెక్టూ లేకుండా మోనోలో కంప్యూటర్‌లో ఉన్నాయి. మధ్యలో కొన్ని భాగాలు శాంపిల్ లైబ్రరీతో (ఆ యంత్రం స్వరాల డిజిటల్ రికార్డింగుల సంపుటితో) వాయించినవి. 1966 నుంచి 1973 దాకా వచ్చిన రికార్డుల్లో వినిపించే కదలిక, దూరం వీటికి రావాలి. స్టీరియో కోరస్, హాల్ రివర్బ్ (పెద్ద హాలు ప్రతిధ్వని) వేసి చూస్తే 1980ల సింథసైజర్‌లా తేలిపోతోంది. ఎక్కడ తప్పుతోంది?

కదలికలో తప్పుతోంది. కోరస్ ఎఫెక్టులో నకలు ఆలస్యాన్ని (డిలేను) ఊపేది ఆసిలేటర్. అది ప్రతి చుట్టూ ఒకేలా తిరుగుతుంది, రెండు చుట్లు అయ్యేసరికి చెవి దాన్ని పట్టేస్తుంది. ఆ కాలపు స్టూడియోలో కదిలినవి టేపు, గాలి, ఉక్కు రేకు. టేపు వేగాన్ని మార్చింది ఇంజినీరు చెయ్యి, అదీ పాట వింటూ, పదాల మధ్య ఖాళీ చూసుకుని. అందుకే కింద చెప్పేవాటిలో ఏది చేసినా మోనోలోనే చెయ్యండి, కదలికను చేత్తో రాయండి, నచ్చగానే ఆడియోగా ముద్రించేసి (ఎఫెక్టుతో సహా కొత్త క్లిప్పుగా రికార్డు చేసేసి) తర్వాతి పనికి వెళ్ళండి. నాలుగు ట్రాకుల యంత్రం మీద పనిచేసినవాళ్ళకి ముద్రించక తప్పేది కాదు. ఆ తర్వాత వాయించినవాళ్ళు ఆ ఎఫెక్టును వింటూ వాయించారు కాబట్టే అది పాటలో భాగమైపోయింది.

ముందు మూలం సంగతి

ఎం400లో 35 మెట్లు, మెట్టుకొక టేపు ముక్క. టేపు వెడల్పు 3/8 అంగుళం, దాని మీద మూడు ట్రాకులు, వేగం సెకనుకు 7.5 అంగుళాలు, నిడివి సుమారు 8 సెకన్లు. మెట్టు నొక్కితే పించ్ రోలర్ టేపుని తిరుగుతున్న కాప్‌స్టన్ కడ్డీకి అదుముతుంది, ప్రెషర్ ప్యాడ్ టేపుని దాన్ని చదివే హెడ్‌కి ఆనిస్తుంది. వదిలితే స్ప్రింగు టేపుని వెనక్కి లాగేస్తుంది. మీరు వెతికే నాదంలో సగం ఈ నిర్మాణంలోనే ఉంది. ప్రతి మెట్టు వణుకూ దానిదే, కాబట్టి మూడు స్వరాల కార్డులో (కలిపి పలికించే స్వరాల గుత్తిలో) మూడు వేర్వేరు వణుకులు ఒకదానితో ఒకటి రాసుకుంటాయి. మోటారు, కాప్‌స్టన్ మాత్రం అందరికీ ఒకటే. ఒకేసారి ఆరేడు మెట్లు నొక్కితే బరువుకి వేగం తగ్గి అన్ని స్వరాలూ కలిసి కిందికి జారతాయి. ఈ రెండు కదలికలూ వేరు. శాంపిల్ లైబ్రరీ వాడేవాళ్ళు మొత్తం ట్రాకు మీద ఒకే వణుకు ప్లగిన్ (ఎఫెక్టు సాఫ్ట్‌వేర్) వేసి ఈ తేడాని చెరిపేస్తారు.

అసలు యంత్రంతో మళ్ళీ రికార్డు చేసే వీలుంటే ముందు సర్దుబాటు చూడండి. ప్రతి మెట్టు కింద రెండు మరలుంటాయి, ఒకటి పించ్ రోలర్‌కి, ఒకటి ప్యాడ్‌కి. రోలర్‌తో మొదలుపెట్టండి. ఒత్తిడి చాలకపోతే టేపు జారి స్వరం కిందికీ మీదికీ తూలుతుంది, ఎక్కువైతే మోటారు ఈడుస్తుంది. టేపు స్థిరంగా లాగబడుతోందని తేలాకే ప్యాడ్ ముట్టుకోండి. ప్యాడ్ వదులైతే పై స్వరాంశాలు (హార్మోనిక్‌లు) వచ్చిపోతూ ఉంటాయి, బిగువైతే అది బ్రేకులా పనిచేసి శ్రుతి దించేస్తుంది. ఈ వరస తిరగేస్తే ఒకదాని తప్పుని రెండోదానితో సర్దుతూ రోజంతా గడిచిపోతుంది. హెడ్లని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి, రబ్బరు రోలర్లకి మాత్రం అది వాడొద్దు, ఎండిపోయి గట్టిపడతాయి. హెడ్లని డీమాగ్నెటైజ్ చేసేటప్పుడు (వాటిలో పేరుకున్న అయస్కాంతత్వం తీసేటప్పుడు) టేపు ఫ్రేమును యంత్రం లోంచి ఎత్తి కొన్ని మీటర్ల దూరంలో పెట్టడం తప్పనిసరి. ఆ పరికరానికి హెడ్ ఏదో టేపు ఏదో తెలియదు, రికార్డింగు తుడిచిపెట్టేస్తుంది.

లైబ్రరీతో వాయించిన భాగాలకి ఇవి చెయ్యండి. లూపు తీసేయండి, 8 సెకన్లకి స్వరం ఆగిపోనివ్వండి. వెలాసిటీ ప్రభావం (కొట్టిన బలాన్ని బట్టి శబ్దం మారడం) సున్నా చెయ్యండి, ఎం400లో గట్టిగా నొక్కితే శబ్దం పెరగడం ఉండదు. రిలీజ్ (మెట్టు వదిలాక స్వరం తగ్గే సమయం) 30 నుంచి 60 మిల్లీసెకన్లకి మించనివ్వొద్దు. ఒకే మెట్టుని వెంటవెంటనే కొట్టే చోట్ల సందు ఇవ్వండి, ఎందుకంటే టేపు వెనక్కి చేరడానికి సమయం కావాలి. చేరకముందే నొక్కితే స్వరం మొదలు లేకుండా మధ్యలోంచి పలుకుతుంది. పొడవైన కార్డు కావాలంటే వేళ్ళు ఒకటొకటిగా మార్చుకుంటూ, ఒక స్వరం వదిలేలోపు పక్క స్వరం అందుకుంటూ పాకాలి. ఆనాటి వాదకులు అలాగే 8 సెకన్ల గోడ దాటారు. క్వాంటైజ్ చేసిన (కంప్యూటర్ తాళానికి కచ్చితంగా సర్దిన) కార్డులో ఆ పాకుడు ఉండదు, అందుకే ఎంత ఎఫెక్టు వేసినా ఆర్గన్‌లా నిలబడిపోతుంది.

టేపు హిస్ (సన్నని బుస) తీయకండి. మెట్టు నొక్కినప్పుడే టేపు కదులుతుంది కాబట్టి టేపు హిస్ స్వరంతో పాటే వచ్చి స్వరంతో పాటే పోతుంది. నాలుగు మెట్లు నొక్కితే ఒక మెట్టు కంటే 6 డీబీ (డెసిబెల్) ఎక్కువ. అది స్వరం ఊపిరి లాంటిది. నాయిస్ తీసే ప్లగిన్ ముందుగా తినేది ఫ్లూటు గాలిని. పైగా ఫ్లాంజింగ్‌కి ఆ హిస్ ముడిసరుకు, దాని సంగతి తర్వాత చెబుతాను. మోటారు, విద్యుత్ హమ్ వేరే విషయం, దాన్ని తగ్గించవచ్చు. 80 హెర్ట్జ్ దగ్గర హై పాస్ (కింది శబ్దాల్ని కోసే ఫిల్టర్) పెట్టండి. 50 హెర్ట్జ్ సరఫరా ఉన్నచోట 100 హెర్ట్జ్ దగ్గర సన్నని నాచ్ (ఆ ఒక్క ఫ్రీక్వెన్సీని కోసే ఫిల్టర్) పెట్టే ముందు ఆలోచించండి: కింది జీ స్వరం 98 హెర్ట్జ్. చెల్లో లాంటి టేపుల్లో ఆ నాచ్ స్వరాన్నే కోసేస్తుంది. 60 హెర్ట్జ్ సరఫరా ఉన్నచోట 120కి పక్కనే 123.5లో బీ స్వరం ఉంది. ఆ స్వరాలు లేని చోట్లే నాచ్ ఆన్ చెయ్యండి.

ఏడీటీ

ఏడీటీ అంటే ఆర్టిఫిషియల్ డబుల్ ట్రాకింగ్. మీకు కావలసిన కదలికలో ఎక్కువ భాగం ఇదే, కాబట్టి దీనికి సమయం ఇవ్వండి. లండన్ అబ్బీ రోడ్డులోని ఈఎంఐ స్టూడియోలో ఇంజినీరు కెన్ టౌన్‌సెండ్ 1966లో దీన్ని రూపొందించాడు. గాయకుడు అదే పాట రెండోసారి పాడే అవసరం లేకుండా గొంతుని జంట చెయ్యడం ఉద్దేశం. పద్ధతి తెలివైనది. ప్రధాన యంత్రం మీద ట్రాకుని రికార్డు హెడ్ నుంచి ముందుగా తీసుకుని రెండో టేపు యంత్రానికి పంపుతారు. అక్కడ అది రికార్డయి, ప్లేబ్యాక్ హెడ్ దాకా వచ్చేసరికి కొంత ఆలస్యమవుతుంది. ఈలోగా ప్రధాన యంత్రంలో అదే శబ్దం తన ప్లేబ్యాక్ హెడ్ దగ్గరికి వస్తుంది. రెండూ దాదాపు ఒకేసారి చేరతాయి. రెండో యంత్రం వేగాన్ని చేత్తో తిప్పే ఆసిలేటర్‌తో కొద్దిగా అటూ ఇటూ మారిస్తే నకలు అసలుకి వెనక నడవగలదు, ముందూ నడవగలదు.

ఆ ముందు నడవడమే మామూలు డిలే ప్లగిన్‌లో లేనిది. దాన్ని తెచ్చుకోవడం కష్టం కాదు.

1. మోనో ట్రాకుని రెండుగా చెయ్యండి. మొదటిదానికి కదలని 50 మిల్లీసెకన్ల డిలే, పూర్తి వెట్ (అసలు శబ్దం కలవకుండా ఎఫెక్టు మాత్రమే).
2. రెండోదానికి టేపు డిలే, పూర్తి వెట్, ఫీడ్‌బ్యాక్ సున్నా. సమయం 80 మిల్లీసెకన్లు (నకలు ముందు నడవాలంటే 50 కంటే తక్కువ ఉండాలి). లోపలి ఎల్‌ఎఫ్‌ఓ (డిలేను ఊపే ఆసిలేటర్) ఆపేయండి.
3. రెంటినీ ఒక గ్రూపుకి పంపి, ముద్రించాక ఆ క్లిప్పుని 50 మిల్లీసెకన్లు ముందుకి జరపండి. లేకపోతే ట్రాకంతా తాళానికి వెనకబడుతుంది.
4. ఆటోమేషన్ (నాబ్ కదలికని రికార్డు చేసేది) రాసే మోడ్‌లో పెట్టి, పాట వింటూ, రెండో డిలే సమయాన్ని నాబ్‌తో 75 నుంచి 90 మధ్య నెమ్మదిగా నడపండి. పదబంధం మొదట్లో కదపొద్దు, నిలిచిన స్వరంలో కదపండి.
5. నకలుకి 150 హెర్ట్జ్ కింద, 7 కిలోహెర్ట్జ్ పైన కోత పెట్టి, అసలు కంటే 3 నుంచి 6 డీబీ తక్కువలో ఉంచండి.

ఎంత కదపాలి అన్నది లెక్కలో తెలుసుకుంటే చెయ్యి అదుపులో ఉంటుంది. డిలే మారే వేగమే శ్రుతి తేడా. ఒక సెకనులో 5 మిల్లీసెకన్లు జరిపితే 0.5 శాతం, అంటే దాదాపు 9 సెంట్లు (సెంటు అంటే అర్ధస్వరంలో వందో వంతు). ఇది హాయిగా ఉంటుంది. సెకనుకి 15 మిల్లీసెకన్లు జరిపితే పావు స్వరస్థానం దాటి, మెల్లోట్రాన్ సొంత వణుకుతో కలిసి కడుపులో తిప్పుతుంది. ఎల్‌ఎఫ్‌ఓ తప్పనిసరైతే 0.3 హెర్ట్జ్, 2 మిల్లీసెకన్ల లోతు పెట్టండి. అది గరిష్ఠంగా 6.5 సెంట్లు ఇస్తుంది. దాని పైన చేత్తో రాసిన ఆటోమేషన్ కూడా కలపండి. 1 హెర్ట్జ్, 5 మిల్లీసెకన్లు అంటే 50 సెంట్లు దాటిపోతుంది. చాలా కోరస్ ప్లగిన్ల ముందస్తు సెట్టింగులు ఇలాంటి ఊపుకి దగ్గరగా ఉంటాయి.

డిలే ప్లగిన్ ఎంచుకునేటప్పుడు ఒకటి చూడండి. సమయం మార్చినప్పుడు శ్రుతి జారాలి. కొన్ని ప్లగిన్లు శ్రుతి జారకుండా పాత సమయం నుంచి కొత్త సమయానికి క్రాస్‌ఫేడ్ చేస్తాయి, కొన్ని టకటకమంటాయి. రెండూ పనికిరావు. టేపు పద్ధతి, లేదా అనలాగ్ పద్ధతి అని ఉండే మోడ్‌లో పెట్టండి.

అంతరం 20 మిల్లీసెకన్ల కంటే తగ్గితే జంట అనిపించదు, దువ్వెన పళ్ళలా స్వరాంశాలు తెగుతాయి. 50 దాటితే తాళానికి రెండు దెబ్బలు వినిపిస్తాయి, ముఖ్యంగా ఫ్లూటు మొదటి ఊదుడు దగ్గర. ఫ్లూటుకి 25 నుంచి 30, కోయిర్‌కి 35 నుంచి 40 బాగుంటాయి. కోయిర్ మొదలు మెత్తగా ఉంటుంది కాబట్టి ఎక్కువ అంతరం ఓర్చుకుంటుంది.

మూడు హెడ్ల టేపు రికార్డర్ చేతిలో ఉంటే కంప్యూటర్ నుంచి దానికి పంపి, ప్లేబ్యాక్ హెడ్ నుంచి తిరిగి రికార్డు చెయ్యండి. ట్రాకు ముందు ఒక క్లిక్ పెట్టుకుంటే తర్వాత రెండు క్లిప్పుల్నీ కలపడం సులువు. హెడ్ల మధ్య 2 అంగుళాలుంటే సెకనుకి 15 అంగుళాల వేగంలో ఆలస్యం 133 మిల్లీసెకన్లు, 7.5లో 267. వేగం మార్చే నాబ్ ఉన్న యంత్రమైతే చెయ్యి దాని మీదే ఉంచండి.

ఫ్లాంజింగ్

ఇదీ రెండు టేపుల ఆటే, అంతరం మాత్రం 0 నుంచి 10 మిల్లీసెకన్లలోపు. ఒకే ట్రాకు నకళ్ళు రెండు యంత్రాల్లో నడుస్తుంటాయి. ఒకదాని రీలు అంచుని వేలితో మెల్లగా నొక్కితే అది వెనకబడుతుంది. తర్వాత రెండోదాన్ని నొక్కితే అది వెనకబడుతూ మొదటిదాన్ని దాటి వెనక్కి వెళ్తుంది. దాటే ఆ క్షణంలో అంతరం సున్నా. ఆ సున్నా దాటడమే అసలు సౌందర్యం. మామూలు ఫ్లాంజర్ పెడల్ సున్నాకి దగ్గరగా వస్తుంది కానీ దాటదు.

అంతరం 1 మిల్లీసెకను ఉంటే 500, 1500, 2500 హెర్ట్జ్ దగ్గర కోతలు పడతాయి. 0.1 అయితే మొదటి కోత 5000 దగ్గర. అంతరం సున్నా వైపు వెళ్తుంటే కోతలన్నీ పైకి పరిగెత్తి వినికిడి దాటిపోతాయి. అక్కడ రెండు నకళ్ళూ ఒకే పొలారిటీలో ఉంటే శబ్దం ఉప్పొంగుతుంది, ఒకటి తిరగబడి ఉంటే ఒక్క క్షణం మొత్తం మాయమవుతుంది. రెండూ ప్రయత్నించి చూడండి. చరణం చివర మాయమయ్యే పద్ధతి, స్వరం విచ్చుకునే చోట ఉప్పొంగే పద్ధతి నప్పుతాయి.

కంప్యూటర్‌లో: ఒక నకలుకి స్థిరంగా 10 మిల్లీసెకన్లు. రెండోదాన్ని 16 నుంచి 5 దాకా 8 సెకన్లలో లాగండి. గీత సరళరేఖలా వద్దు. 10 దగ్గరికి వచ్చేసరికి నెమ్మదించి, దాటాక తొందరపడేలా గీయండి, వేలి ఒత్తిడి అలాగే మారుతుంది. రెండు నకళ్ళూ ఒకే లెవెల్‌లో ఉండాలి. 3 డీబీ తేడా ఉన్నా కోతలు నిస్సారమైపోతాయి.

ఇక్కడ మీ మూడు ట్రాకుల్లో ఒకదాన్ని పక్కన పెట్టండి. ఫ్లూటు మీద ఫ్లాంజింగ్ వెయ్యొద్దు. దానిలో స్వరాంశాలు తక్కువ, కోత ఒక్కోదాని మీదుగా పోతుంటే శబ్దం తగ్గి పెరుగుతున్నట్టు మాత్రమే ఉంటుంది. కదలిక వినిపించాలంటే స్పెక్ట్రం నిండుగా ఉండాలి. మూడు వయొలిన్లకి అది పుష్కలంగా ఉంది, నాలుగు స్వరాల కార్డు వాయిస్తే ఇంకా. హిస్ ఉంచమన్నది కూడా ఇందుకే. హిస్ అన్ని ఫ్రీక్వెన్సీల్లోనూ ఉంటుంది కాబట్టి స్వరాల మధ్య కూడా ఆ ఈదర గాలిలాంటి ఊపు వినిపిస్తూ ఉంటుంది. హిస్ తీసేసిన శాంపిళ్ళు మాత్రమే ఉంటే, మెట్టు నొక్కినంతసేపే వినిపించేలా గేట్ చేసిన టేపు హిస్‌ని స్వరం కంటే 45 డీబీ కింద కలపండి.

ప్లేట్ (ఉక్కు రేకు రివర్బ్) ఫ్లాంజింగ్‌కి ముందు రావాలా తర్వాతా? ముందు. ఆనాడు ఫ్లాంజ్ చేసింది ఎక్కువగా ఎకో కలిసిపోయిన మిక్సుని. ప్రతిధ్వని తోక కూడా అదే ఊపులో మెలితిరగాలి. ఫ్లాంజింగ్ తర్వాత రివర్బ్ వేస్తే ఆ తోక కోతల్ని పూడ్చేస్తుంది.

లెస్లీ

కోయిర్‌కి లెస్లీ (తిరిగే హారన్, డ్రమ్ము ఉన్న స్పీకరు పెట్టె) నెమ్మది వేగం అద్భుతంగా నప్పుతుంది. 122, 147 మోడళ్ళలో 800 హెర్ట్జ్ పైనున్నది తిరిగే హారన్‌కి, కిందిది డ్రమ్ముకి వెళ్తుంది. నెమ్మది వేగంలో హారన్ నిమిషానికి దాదాపు 50 చుట్లు, వేగంలో దాదాపు 400. డ్రమ్ము రెండింటిలోనూ కాస్త తక్కువ, అదీకాక అది బరువైనది కనుక వేగం అందుకోవడానికీ తగ్గడానికీ హారన్ కంటే చాలా ఎక్కువ సమయం తీసుకుంటుంది. రెండూ ఒకే లయలో తిరిగితే అది సిమ్యులేటర్ అని వెంటనే తెలిసిపోతుంది. ప్లగిన్‌లో రెంటినీ విడివిడిగా సర్దే వీలుంటే డ్రమ్ము త్వరణాన్ని 4, 5 సెకన్లకి పెంచండి.

ఆ 800 హెర్ట్జ్ గీత వల్లే ఫ్లూటు లెస్లీలో నిరాశపరుస్తుంది. ఎం400 పై చివర ఉన్న ఎఫ్ స్వరం 698 హెర్ట్జ్. అంటే మూలస్వరాలన్నీ డ్రమ్ములోనే తిరుగుతాయి, హారన్‌కి దక్కేది ఊదిన గాలి, కొన్ని పై స్వరాంశాలే. ఫ్లూటుకి ఆ ఊపు కావాలంటే లెస్లీకి పంపే ముందు 1.5 నుంచి 3 కిలోహెర్ట్జ్ మధ్య 4, 5 డీబీ పెంచండి.

అసలు పెట్టె వాడితే మైకుని హారన్ జాలీకి 40 నుంచి 60 సెంటీమీటర్ల దూరంలో పెట్టండి. దగ్గరికి పోతే హారన్ తోసే గాలి మైకులో దబదబమంటుంది, ప్రతి చుట్టూ శబ్దం మరీ ఎగుడుదిగుడుగా ఉంటుంది. కాలానికి తగ్గట్టు ఉండాలంటే పైన ఒక మైకు, కింద ఒకటి, రెండూ కలిపి మోనో. ఒక జాగ్రత్త: 122, 147 పెట్టెల ఆరు పిన్నుల ప్లగ్గులో మెయిన్స్ కరెంటు ప్రవహిస్తుంది. 122 బ్యాలెన్స్‌డ్ సిగ్నల్ కోరుతుంది, 147 అన్‌బ్యాలెన్స్‌డ్. ఇంట్లో అతికించిన కేబుల్‌తో ఆడియో ఇంటర్‌ఫేస్‌కి కలపొద్దు, ప్రాణానికే ముప్పు. వాటికోసం చేసిన ప్రీయాంప్ ద్వారానే పంపండి.

ఎకో, ప్లేట్

హాల్ రివర్బ్ తీసేయండి. ఆ కాలంలో స్టూడియోలకి దక్కినవి ఎకో గదులు, ప్లేట్లు, స్ప్రింగులు. ఎం400కి ముందొచ్చిన మార్క్ 2 మెల్లోట్రాన్‌కి లోపలే స్ప్రింగు రివర్బ్ ఉండేది, ఎం400కి లేదు. అందుకే 1960ల మధ్యనాటి ట్రాకు ఛాయ కావాలంటే అన్నిటికంటే ముందు పొట్టి స్ప్రింగు రివర్బ్‌ని కొంచెం కలిపి ముద్రించండి, 1970ల ఛాయకి అది వదిలేయండి.

ఈఎంటీ 140 ప్లేట్ 1957లో వచ్చింది. దాదాపు 2 మీటర్ల పొడవు, 1 మీటరు ఎత్తు, అర మిల్లీమీటరు మందం ఉన్న ఉక్కు రేకుని చట్రంలో వేలాడదీసి, దాన్ని వణికించి, ఆ వణుకుని పికప్‌తో తీసుకుంటారు. గదిలోలా తొలి ప్రతిఫలనాలు దీనిలో ఉండవు, మొదటి క్షణం నుంచీ చిక్కగా ఉంటుంది. ప్లేట్ వణికినా దాని గుణం మారదు. కాబట్టి మంచి ఇంపల్స్ రెస్పాన్స్ ఫైలు (పరికరం స్పందనని ఒక్కసారి రికార్డు చేసినది) దాన్ని చాలావరకు నమ్మకంగా పట్టుకుంటుంది. టేపు ఎకోకీ లెస్లీకీ ఇంపల్స్ ఫైలు వాడితే ఒక్క క్షణం ఫొటో తీసినట్టే, కదలిక పోతుంది. ఎక్కడ ఇంపల్స్ సరిపోతుందో, ఎక్కడ సరిపోదో ఈ తేడాని బట్టి తేల్చుకోండి.

పంపే వరస: మోనో ట్రాకు, తర్వాత టేపు డిలే 130 మిల్లీసెకన్ల దగ్గర ఒక్క పలుకు, తర్వాత ఫిల్టర్, తర్వాత ప్లేట్. అబ్బీ రోడ్డులో ప్లేట్‌కి పంపే దారిలో 600 హెర్ట్జ్ కింద, 10 కిలోహెర్ట్జ్ పైన కోసేవారు. మెల్లోట్రాన్‌కి ఇది మరీ అవసరం. దాని బలమంతా 200 నుంచి 600 మధ్య పోగుపడి ఉంటుంది, కోయకుండా పంపితే ఆ తోక గొంతునీ గిటార్‌నీ ముంచేస్తుంది. కోయిర్‌కి 600 కోత మరీ పల్చగా అనిపిస్తే 400కి దించండి, అంతకంటే కిందికి వద్దు. తోక నిడివి కార్డులకి 2 సెకన్లు, ఒంటరి ఫ్లూటుకి 3, 4 సెకన్ల దాకా. తిరిగి వచ్చే ప్లేట్‌ని మోనోలోనే ఉంచి, ట్రాకు ఎడమకి ఉంటే దాన్ని కుడికి తొయ్యండి. ఆనాటి స్టీరియో మిక్సుల్లో ఉన్న ఆ వింత దూరం ఈ ఒక్క పనితో వచ్చేస్తుంది.

తరాలు, వేగం, తిరగేసిన ఎకో

నాలుగు ట్రాకులు నిండాక వాటిని కలిపి ఇంకో టేపు మీదికి దించేవారు, ప్రతి దింపుడికీ పై అంచు కాస్త మొద్దుబారేది. టేపు ప్లగిన్‌ని ఒకసారి గట్టిగా వెయ్యడం కంటే రెండుసార్లు తేలికగా వేసి, ప్రతిసారీ ముద్రించడం దీనికి దగ్గర. ఒంటరి స్వరాలకి లెవెల్ పెంచితే నిండుగా ఉంటుంది. కార్డులకి మాత్రం 3, 4 డీబీ తగ్గించండి. కొద్దిగా శ్రుతి తేడాలున్న స్వరాలు కలిసి వక్రీకరిస్తే వాటి తేడాలూ మొత్తాలూ కొత్త శబ్దాలుగా పుట్టి కార్డు బురదైపోతుంది. కంప్రెసర్ వేస్తే 3 డీబీకి మించకుండా, రిలీజ్ నెమ్మదిగా. స్వరం 8 సెకన్లూ దాదాపు ఒకే బలంలో ఉంటుంది కాబట్టి దానికి పెద్దగా చేసేదేమీ ఉండదు, ఎక్కువ నొక్కితే పైకి వచ్చేది స్వరం ఆగిన వెంటనే హమ్.

వేగం మార్చి రికార్డు చెయ్యడం మాత్రం ఎవరూ వదులుకోకూడని పని. 6 శాతం వేగం అర్ధస్వరం. కోయిర్‌ని ఒక స్వరస్థానం పైన వాయించి కిందికి దించితే గొంతులు పెద్దవై, మెట్టు చప్పుడు మెత్తబడుతుంది. సగం వేగానికి దించితే ఒక స్థాయి కిందికి వెళ్ళి 8 సెకన్లు 16 అవుతాయి. కంప్యూటర్‌లో దీన్ని రీసాంపుల్ చేసే వేరీస్పీడ్ మోడ్‌లోనే చెయ్యండి. నిడివి మారకుండా శ్రుతి మార్చే మోడ్‌లు గొంతు ఆకృతిని కాపాడతాయి, మనకి కావలసింది ఆ ఆకృతి మారడమే.

తిరగేసిన ఎకోకి: క్లిప్పుని రివర్స్ చేసి, పైన చెప్పిన ప్లేట్‌కి 3 సెకన్ల తోకతో పంపి, ప్లేట్ ఒక్కటే కొత్త ట్రాకులో ముద్రించి, రెండు క్లిప్పుల్నీ మళ్ళీ రివర్స్ చెయ్యండి. స్వరం రాకముందే దాని నీడ పైకి లేస్తుంది. రివర్స్ చేసేటప్పుడు క్లిప్పు చివర తోక కోసం 4 సెకన్ల ఖాళీ వదలకపోతే ఆ నీడ మధ్యలో తెగిపోతుంది, చాలామందికి ఇక్కడే పాడవుతుంది.

మీ మూడు ట్రాకులకి

ఫ్లూటు: స్ప్రింగు కొంచెం, ఏడీటీ 25 మిల్లీసెకన్లు, తర్వాత ప్లేట్. ఇంతే. వయొలిన్లు: ప్లేట్ కలిపి ముద్రించి, పల్లవి తర్వాత వచ్చే ఒక్క వరస మీదే ఫ్లాంజింగ్. పాటంతా వేస్తే మూడో చరణానికి ఎవరికీ వినిపించదు. కోయిర్: అర్ధస్వరం దించి, లెస్లీ నెమ్మది వేగంలో ముద్రించి, దానికి ఏడీటీ లేకుండా ప్లేట్‌కి పంపండి. లెస్లీ మీద ఏడీటీ వేస్తే రెండు ఊపులూ కొట్టుకుని కోయిర్ మసకబారుతుంది.

ముద్రించిన ప్రతి ట్రాకునీ పియానో లాంటి స్థిరమైన శ్రుతి ఉన్న వాద్యంతో కలిపి, ఒకే స్పీకరులో, తక్కువ శబ్దంలో వినండి. ఊపు వల్ల పియానో శ్రుతి తప్పినట్టు అనిపిస్తే ఏడీటీ ఆటోమేషన్ లోతు సగానికి తగ్గించి మళ్ళీ ముద్రించండి. ఫ్లాంజింగ్ సున్నా దాటే చోట శబ్దం ఎగిరిపడితే ఆ ఒక్క సెకనులో 3 డీబీ చేత్తో దించండి, అక్కడ లిమిటర్ పెట్టొద్దు.